ఫిబ్రవరి 11న పనాయ్ దీవిలో సెలవు ఎందుకు? (ఎవెలియో హావియెర్ అనే గవర్నర్ గురించి)

#1 దావావ్_డాక్టర్

నేను దావావ్‌లో ఎంబీబీఎస్ చదివిన బ్యాచ్. నా రూమ్మేట్ సొంతూరు ఫిలిప్పీన్స్‌లోనే పనాయ్ అనే దీవిలో, ఆన్తీకె ప్రావిన్స్. స్పెల్లింగ్ చూసి మన తెలుగు పిల్లలందరం "యాంటిక్" అనేవాళ్లం. వాడు విసుగు లేకుండా ప్రతిసారీ "ఆన్-తీ-కె" అని దిద్దేవాడు. ఆ పేరుకీ పాత సామాన్లకీ సంబంధం లేదట. హంతిక్ అంటే అక్కడ పెద్ద ఎర్ర చీమ, దాన్నించి వచ్చింది.

ఒక ఫిబ్రవరిలో వాడితో పాటు వాళ్ల ఇంటికెళ్లాను. ఇలోయిలో అనే నగరం నుంచి బస్సెక్కితే దారి కొండల్లోకి తిరుగుతుంది, దిగేసరికి ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. మధ్యలో ఉన్న సన్నటి పట్టీయే ఆ ప్రావిన్స్ మొత్తం. మర్నాడు డాలర్లు మార్చుకుందామని సాన్ హోసే ఊళ్లోకి వెళ్తే బ్యాంకు మూసుంది. ఎదురుగా ప్రావిన్స్ ఆఫీసు కూడా మూసుంది, దాన్ని క్యాపిటల్ అంటారు. ఏం పండగ అని అడిగితే మా వాడు పండగ కాదన్నాడు, "ఎవెలియో రోజు" అన్నాడు.

ఆఫీసు ముందున్న పార్కులో జనం పూలు పెడుతున్నారు. అక్కడే 1986 ఫిబ్రవరి 11న ఎవెలియో హావియెర్ అనే మాజీ గవర్నర్‌ను పట్టపగలు, ముసుగులేసుకొచ్చిన వాళ్లు తరిమి తరిమి కాల్చారట. ఆ పార్కు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది. ఆ ఊరి ఎయిర్‌పోర్టు కూడా.

అప్పట్నుంచీ నాకు ఆయన మీద ఆసక్తి. ఇక్కడెవరైనా చదివారా?

#2 గల్ఫ్_సుబ్బడు

గవర్నర్ అంటే రాజ్‌భవన్‌లో కూర్చుని సంతకాలు పెట్టే పెద్దాయన కదా బ్రో? ఆయన్నెవడు తరిమి కాలుస్తాడు? నాకు గవర్నర్ అంటే 1984లో ఎన్టీఆర్‌ను దించేసిన రామ్‌లాలే గుర్తొస్తాడు.

#3 పద్మజ_టీచర్

సుబ్బడు గారూ, ఆ గవర్నర్ వేరు, ఈ గవర్నర్ వేరు. ఫిలిప్పీన్స్‌లో గవర్నర్‌ను జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ప్రావిన్స్ అంటే పరిమాణంలో మన జిల్లా లాంటిది, ఇప్పుడు 82 ఉన్నాయి. జిల్లా పరిషత్ ఛైర్మన్‌కి కలెక్టర్ పెత్తనం కూడా ఇచ్చి, ఆయన్ని నేరుగా జనం చేత ఎన్నిక చేయిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాదాపు అది. వైస్ గవర్నర్‌ను విడిగా ఎన్నుకుంటారు, ఆయన వేరే పార్టీ అయినా కావచ్చు. ఇప్పుడు పదవీకాలం మూడేళ్లు, వరసగా మూడుసార్లకు మించి కుదరదు. 1991 చట్టం తర్వాత ప్రావిన్స్ ఆసుపత్రులు కూడా గవర్నర్ కిందకే వచ్చాయి.

#4 దావావ్_డాక్టర్

అవును మేడమ్, ఆసుపత్రుల సంగతి కళ్లారా చూశాను. ప్రావిన్స్ హాస్పిటల్‌లో అంబులెన్స్ మీద గవర్నర్ ఫొటో, మందుల కవర్ మీద గవర్నర్ పేరు. గవర్నర్ మారితే పెయింట్ మారుతుంది :)

#5 గల్ఫ్_సుబ్బడు

ఓహో, అయితే మనకి తెలిసిన వ్యవహారమే!

#6 దావావ్_డాక్టర్

సరే, నాకు తెలిసింది రాస్తాను, తప్పుంటే సరిదిద్దండి.

పుట్టింది 1942 అక్టోబర్ 31, ఆన్తీకెలోని హామ్తిక్‌లో. మనీలాలో ఆతెనేయో యూనివర్సిటీలో చదివాడు, అక్కడే లా కూడా. ఆ యూనివర్సిటీ డిగ్రీ ఉంటే మనీలాలో మంచి కంపెనీలో సెటిలైపోవచ్చు. ఈయన ఊరికొచ్చి 1971లో గవర్నర్‌గా నిలబడ్డాడు, గెలిచాడు. అప్పటికి వయసు 29. అప్పట్లో దేశం మొత్తంలో చిన్న వయసు గవర్నర్. జనానికి గవర్నర్ గారు కాదు, "బెలోయ్". ముద్దుపేరు.

ఆ ప్రావిన్స్ పరిస్థితి కూడా చెప్పాలి. పొలం తక్కువ, కొండ ఎక్కువ. చెరకు కోతల సీజన్లో మేస్త్రీలు వచ్చి, ముందే అడ్వాన్స్ ఇచ్చి, పడవల్లో మనుషుల్ని నేగ్రోస్ దీవి చెరకు తోటలకు తీసుకెళ్లేవాళ్లు. ఆ కూలీలను సకాదా అంటారు. అడ్వాన్స్ తీరేదాకా పని. మా రూమ్మేట్ తాతగారు కూడా అలా వెళ్లినవారే.

ఇలాంటి చోట బెలోయ్ 1974లో బినిరాయన్ అనే ఉత్సవం మొదలుపెట్టాడు. బోర్నియో నుంచి పది మంది దాతులు, అంటే దొరలు, పడవల్లో వచ్చి ఈ తీరంలో దిగారని అక్కడి కథ. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. కానీ "మేం కూలికి పోయేవాళ్లం మాత్రమే కాదు, మాకూ ఒక మొదలుంది" అని చెప్పుకోవడానికి ఊరికి ఒక సందర్భం దొరికింది. అది ఇప్పటికీ జరుగుతోంది.

ఎనిమిదేళ్లు గవర్నర్‌గా చేసి 1980లో మళ్లీ పోటీ చేయకుండా హార్వర్డ్ వెళ్లి కెన్నెడీ స్కూల్లో మాస్టర్స్ చేశాడు.

#7 కొండవాలు

డాక్టర్ గారూ, ఒక్క డౌటు. 1972లో ప్రెసిడెంట్ మార్కోస్ మార్షల్ లా పెట్టాడు కదా? సెనేట్ మూతపడింది, పేపర్లు మూతపడ్డాయి, ప్రతిపక్షం వాళ్లంతా జైలుకెళ్లారు. మరి ఈయన 1980 దాకా గవర్నర్ కుర్చీలో ఎలా ఉన్నాడు? వీరుడి కథల్లో ఈ భాగం ఎవరూ చెప్పరు.

#8 లా_పాయింట్

మంచి ప్రశ్న. ఎనిమిదేళ్లు అనగానే రెండుసార్లు గెలిచాడనుకుంటాం. గెలిచింది ఒక్కసారే, 1971 నవంబర్‌లో, నాలుగేళ్లకు. మార్షల్ లా వచ్చాక స్థానిక ఎన్నికలు జరపలేదు, ఉన్నవాళ్లనే కొనసాగించారు. మళ్లీ స్థానిక ఎన్నికలు జరిగింది 1980 జనవరిలో. అంటే 1975 తర్వాత దేశంలో ఏ గవర్నర్ కుర్చీలో ఉన్నా మార్కోస్ వద్దనకపోవడం వల్లే ఉన్నాడు. ఈయన కూడా.

#9 కొండవాలు

అదే నేనంటున్నది.

#10 పద్మజ_టీచర్

కానీ కొండవాలు గారూ, 1980లో ఎన్నికలు రాగానే తప్పుకున్నాడు కదా. ప్రభుత్వ పార్టీ కేబీఎల్‌లో చేరితే కుర్చీ ఖాయం. చేరలేదు. ఆ నాలుగైదేళ్లు లోపల ఎంత టెన్షన్ పడ్డాడో మనకేం తెలుసు? జైలుకెళ్లినవాళ్లే ఎదిరించినవాళ్లు, కుర్చీలో ఉన్నవాళ్లంతా లొంగిపోయినవాళ్లు అని గీత గీయడం ఇక్కడ కూర్చుని తేలిక.

#11 కొండవాలు

గీత గియ్యట్లేదండి. కుర్చీలో ఉన్న కాలాన్ని కూడా లెక్కలో వెయ్యమంటున్నా, అంతే. సరే, తర్వాత ఏమైంది?

#12 లా_పాయింట్

తర్వాతది నా ఏరియా :) ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టులో "హావియెర్ వర్సెస్ కొమెలెక్" అని ఒక కేసుంది. కొమెలెక్ అంటే వాళ్ల ఎన్నికల కమిషన్. ఎన్నికల చట్టం చదివేవాళ్లకి ఆ తీర్పు చూపిస్తుంటాను, ఎందుకంటే కోర్టు భాషలో అంత కోపం అరుదు.

1984 మేలో బతాసాంగ్ పంబాన్సాకు, అంటే అప్పటి పార్లమెంటుకు, ఎన్నికలు. ఆన్తీకెలో హావియెర్‌కు ఎదురుగా కేబీఎల్ నుంచి ఆర్తురో పసిఫికాదోర్. పోలింగ్‌కు ముందురోజు, మే 13న, సిబాలోమ్‌లోని పాంగ్‌పాంగ్ వంతెన దగ్గర హావియెర్ మనుషుల మీద మాటువేసి కాల్చారు. ఏడుగురు చనిపోయారు. మర్నాడు అదే ప్రావిన్స్‌లో పోలింగ్. ఓటు వెయ్యడానికి ఇంట్లోంచి ఎవరు కదులుతారో ఆలోచించండి.

తర్వాత లెక్కింపు గొడవ. హావియెర్ కొమెలెక్‌కు వెళ్లాడు. అక్కడ కేసు పడిన బెంచిలో ఒక కమిషనర్ గతంలో పసిఫికాదోర్‌కు లా ప్రాక్టీసులో భాగస్వామి. "మీరు తప్పుకోండి" అని హావియెర్ అడిగాడు. ఆయన తప్పుకోలేదు. 1984 జూలై 23న పసిఫికాదోరే గెలిచాడని ఆ బెంచి తేల్చింది.

హావియెర్ సుప్రీంకోర్టుకెళ్లాడు. పాయింటు చిన్నది, కానీ గట్టిది. పార్లమెంటు సభ్యుడి ఎన్నిక తగాదాను కమిషన్ మొత్తం కూర్చుని తేల్చాలని రాజ్యాంగంలో ఉంది, ముగ్గురి బెంచి తేల్చడానికి లేదు. ఈ కేసు అలా పెండింగులో ఉండగానే ఆయన్ని చంపేశారు.

#13 గల్ఫ్_సుబ్బడు

అమ్మో. మరి అప్పటికి ఆయన గవర్నర్ కాదు, ఎంపీ కూడా కాదు కదా. ఇంకా ఎందుకు చంపడం?

#14 దావావ్_డాక్టర్

1986 ఫిబ్రవరి 7న మార్కోస్‌కూ ప్రతిపక్షం తరఫున నిలబడ్డ కోరీ అకీనోకూ మధ్య ప్రెసిడెంట్ ఎన్నిక జరిగింది. ఆన్తీకెలో కోరీ ప్రచారం నడిపింది బెలోయే. పోలింగ్ అయ్యాక ప్రావిన్స్ నలుమూలల నుంచీ లెక్కల కాగితాలు క్యాపిటల్‌కు వస్తాయి, అక్కడ కూడతారు. మనీలాలో అప్పటికే, 9వ తేదీ రాత్రి, కొమెలెక్ కంప్యూటర్ల దగ్గర పనిచేసే వాళ్లు, తాము ఎక్కించిన అంకెలకీ బయట బోర్డు మీద చూపిస్తున్న వాటికీ పొంతన లేదని కుర్చీల్లోంచి లేచి బయటికొచ్చేశారు. కాబట్టి కూడిక దగ్గర మనిషి ఉండాలి. ఆయన క్యాపిటల్ దగ్గరే కాపు కాశాడు.

11వ తేదీ పొద్దున క్యాపిటల్ బయట ఉన్నాడు. జీపులో వచ్చిన ముసుగు మనుషులు కాల్పులు మొదలుపెట్టారు. దెబ్బ తగిలినా ప్లాజాకు అడ్డంగా పరుగెత్తాడు. అవతల ఒక కొట్టు టాయిలెట్లో దాక్కున్నాడు. అక్కడికొచ్చి చంపారు. మొత్తం 24 తూటాలని చెబుతారు. వయసు 43.

నేను ఆ ప్లాజాను ఈ చివర నుంచి ఆ చివరకు మామూలుగా నడిచి చూశాను. పెద్ద దూరమేం కాదు, రెండు మూడు నిమిషాల నడక. కానీ దాక్కోవడానికి ఏమీ ఉండదు, అంతా గడ్డి. మా వాడి అమ్మగారు నాతో వచ్చారు, ఆ కొట్టు ఉన్న వైపు చెయ్యి చూపించి ఊరుకున్నారు. నేనూ ఏమీ అడగలేదు.

#15 పద్మజ_టీచర్

అదే రోజు వాషింగ్టన్‌లో రీగన్ ప్రెస్‌మీట్ పెట్టి, మోసం రెండు వైపులా జరిగి ఉండొచ్చు అన్నాడు. కోరీ వైపు వాళ్లు దీని మీద మండిపడ్డారు. రెండు వైపులా అన్న మాట వినబడుతున్న రోజే ఒక వైపు మనిషి శవమై ఉన్నాడు. రెండు వారాల్లో, ఫిబ్రవరి 25 నాటికి, మార్కోస్ దేశం వదిలి పారిపోయాడు.

#16 ఎర్రబస్సు_2

పీపుల్ పవర్, అదే మార్కోస్‌ను దించిన జనం తిరుగుబాటు, కోరీ భర్త నీనోయ్ అకీనో హత్య వల్ల కదా వచ్చింది? ఈయన పేరే నేను వినలేదు. బూస్ట్ చేసి చెబుతున్నట్టున్నారు.

#17 లా_పాయింట్

నీనోయ్‌ను చంపింది 1983 ఆగస్టులో, రెండున్నరేళ్ల ముందు. జనంలో కోపం అక్కడ మొదలైందన్నది నిజమే. కానీ బూస్ట్ చేస్తున్నది మేం కాదు. ఈ హత్య ఫిబ్రవరి తిరుగుబాటుకు బలమిచ్చిన కారణాల్లో బహుశా ఒకటని సుప్రీంకోర్టే తీర్పులో రాసింది. "బహుశా" అని పెట్టింది, చూడండి. అంతవరకే నేనూ అంటున్నా.

#18 మాడరేటర్

మధ్యలో మన రాష్ట్రాల పార్టీల మీద వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. దయచేసి టాపిక్‌లో ఉండండి. లా_పాయింట్ గారూ, ఆ తీర్పు సంగతి సగంలో ఆపారు.

#19 లా_పాయింట్

వస్తున్నా. కోరీ ప్రభుత్వం వచ్చాక బతాసాంగ్ పంబాన్సానే రద్దయింది. వాది చనిపోయాడు, ప్రతివాది పరారీలో ఉన్నాడు, తగాదా పడిన సీటు లేదు. కొత్త ప్రభుత్వం తరఫు సొలిసిటర్ జనరలే వచ్చి "ఈ కేసులో ఇక తేల్చడానికేం మిగల్లేదు, కొట్టేయండి" అన్నాడు. ఏ కోర్టైనా కొట్టేస్తుంది. మనం కూడా ఇలాంటివి ఎన్ని చూడలేదు!

1986 సెప్టెంబర్ 22న జస్టిస్ ఇసగానీ క్రూజ్ రాసిన తీర్పు మొదట్లోనే, అది అంత సులువు కాదంటుంది. ఈ కేసు వల్ల ప్రాణాలు పోయాయి, పిటిషన్ వేసినాయన ప్రాణం కూడా పోయింది, ఓటు మైలపడింది, మేం నోరు మూసుకుని కూర్చోలేం అంటుంది. తర్వాత పాయింటు పాయింటుగా వెళ్లి, బెంచి తీర్పు చెల్లదని, స్నేహితుడి కేసులో కమిషనర్ కూర్చోవడం తప్పని రాస్తుంది.

అందరూ పొరబడేది ఇక్కడే. కోర్టు ఆయనకు సీటు ఇవ్వలేదు, ఇవ్వడానికి సీటు లేదు. చివర్లో ఏమందంటే: ఈ పరిణామాలే రాకపోతే ఈ పిటిషన్‌ను మేం ఒప్పుకునేవాళ్లం, 1984 జూలై 23 తీర్పును రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేవాళ్లం, ఈ సంగతి రికార్డులో ఉండాలి. అంతే. పార్టీలకు పైసా లాభం లేని తీర్పు. నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో "రికార్డులో ఉండాలి" అనడానికి మాత్రమే రాసిన ఇంత పెద్ద తీర్పు ఇంకోటి చదవలేదు.

ఆయన గురించి అందులో మూడు చిన్న వాక్యాలున్నాయి: "డబ్బు ఆయనకు ఆశ పెట్టలేదు. బెదిరింపులు ఆయన్ని ఆపలేదు. అధికారం ఆయన్ని భయపెట్టలేదు."

#20 గల్ఫ్_సుబ్బడు

చంపినవాళ్లు దొరికారా లేదా? అది చెప్పండి ముందు.

#21 లా_పాయింట్

కొంతమందికి శిక్షలు పడ్డాయి. పసిఫికాదోర్ దాదాపు తొమ్మిదేళ్లు కనిపించకుండా ఉండి 1995లో లొంగిపోయాడు. 2004లో కింది కోర్టు ఆయన్ని హావియెర్ హత్య కేసులో నిర్దోషి అంది. కాబట్టి "పసిఫికాదోర్ చంపించాడు" అని ఇక్కడెవరూ రాయకండి. కోర్టు అలా తేల్చలేదు.

ఇంకో విచిత్రం. నిందితుల్లో ఒక లాయరున్నాడు. ప్రావిన్స్ జైల్లో ఉంచితే ప్రాణానికి ప్రమాదమని ఆయన్ని కోర్టు క్లర్కు గారింట్లో కస్టడీలో ఉంచారు. ఆయనేమో అక్కడ్నుంచే కోర్టుకొచ్చి వేరేవాళ్ల కేసులు వాదించుకుంటున్నాడు! చివరికి 2000లో సుప్రీంకోర్టు "ఖైదీ ప్రాక్టీసు చెయ్యడానికి వీల్లేదు" అని చెప్పాల్సి వచ్చింది. మా లాయర్లం ఎక్కడైనా ఒకటే అని మా జూనియర్లు నవ్వుతారు.

#22 కొండవాలు

నవ్వొచ్చింది కానీ బాధగానూ ఉంది. ఇరవై ఏళ్లకి దగ్గరగా కేసు.

నాదింకో సందేహం. ఎవెలియో తర్వాత ఆయన తమ్ముడు ఎక్సెకియెల్ హావియెర్ చాలాకాలం ఎంపీ, గవర్నర్. తర్వాత ఆయన కొడుకు ఎంపీ. అంటే అన్న రక్తం మీద ఇల్లు కట్టుకున్నట్టు కాదా? సెలవు, పార్కు, ఎయిర్‌పోర్టు, పైన ఇంటిపేరు బ్యాలెట్ మీద.

#23 పద్మజ_టీచర్

మాట కొంచెం కటువుగా ఉంది కానీ ప్రశ్న తప్పు కాదు. ఫిలిప్పీన్స్‌లో ప్రావిన్స్ రాజకీయం అంటేనే కుటుంబాలు. 1987 రాజ్యాంగంలో రాజకీయ వంశాలను నిషేధించాలని ఉంది, కానీ అది అమలయ్యేలా పార్లమెంటు చట్టం చెయ్యాలి. ఆ పార్లమెంటు నిండా వంశాలే. ఇంకెవరు చేస్తారు?

వంశం లేకుండా గెలిచిన గవర్నర్లూ ఉన్నారు. ఇసబెలా ప్రావిన్స్‌లో గ్రేస్ పదాకా, పోలియో వచ్చి కర్రల సాయంతో నడిచే రేడియో జర్నలిస్టు, 2004లో అక్కడ దశాబ్దాలుగా పాతుకుపోయిన దీ కుటుంబాన్ని ఓడించింది. 2007లో పంపాంగాలో ఎద్ పాన్లీలియో అనే చర్చి ఫాదర్ గవర్నర్ అయ్యాడు. ఇద్దరికీ 2008లో... కాదు కాదు, మెగసెసే అవార్డు వచ్చింది గ్రేస్‌కు మాత్రమే. 2010లో ఇద్దరూ ఓడిపోయారు.

#24 లా_పాయింట్

కొండవాలు గారికి ఒక తాయిలం. 2016లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. కేసు పేరేంటో చూడండి: "హావియెర్ వర్సెస్ కొమెలెక్". ఈసారి హావియెర్ అంటే తమ్ముడు. గవర్నర్‌గా ఉండి ఎన్నికల సమయంలో ఒక మేయర్‌ను సస్పెండ్ చేశాడని కొమెలెక్ ఆయన్ని అనర్హుణ్ణి చేసింది, సుప్రీంకోర్టు కొమెలెక్ తప్పంది. అన్నగారి కేసు ఓటు దొంగతనం మీద, తమ్ముడిది అధికారం వాడుక మీద. మా స్టూడెంట్స్ నోట్సులో ఒకదానికి ఇంకోటి రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

#25 కొండవాలు

ఇది బాగుంది :) ఎవెలియో మీద నాకు గౌరవం తగ్గలేదండి. గవర్నర్‌గా చేసిన పనుల కంటే, పదవి ఏదీ లేని రోజున క్యాపిటల్ దగ్గర కూర్చోవడమే పెద్ద పని అనిపిస్తోంది ఇప్పుడు. తమ్ముడి లెక్క తమ్ముడిది.

#26 గల్ఫ్_సుబ్బడు

అప్‌డేట్. మా దోహా క్యాంపులో ఒక పీనోయ్, అంటే ఫిలిప్పీన్స్ వాడు, ఉన్నాడు, ఏసీ టెక్నీషియన్. "ఇలోయిలో" అని మాత్రమే తెలుసు నాకు. నిన్న మెస్‌లో "ఎవెలియో హావియెర్" అన్నాను. ప్లేటు పక్కన పెట్టి "నీకెలా తెలుసు?" అన్నాడు. అసలు వాడిది ఆన్తీకేనట, బయట ఎవరికీ తెలియదని ఇలోయిలో అని చెబుతాడట! వాడు పుట్టింది 1991లో. చిన్నప్పుడు ఫిబ్రవరి 11 అంటే బడికి సెలవు, అంతవరకే తెలుసంటాడు. చట్టం ప్రకారం ఆన్తీకెకే కాదు, పనాయ్‌లోని మిగతా ప్రావిన్స్‌లు ఇలోయిలో, కాపిజ్, ఆక్లాన్‌లకు కూడా సెలవేనని గర్వంగా చెప్పాడు.

నేను "యాంటిక్" అన్నాను. దిద్దాడు.

#27 దావావ్_డాక్టర్

హహ, దిద్దకుండా ఉండరు!

నేను నిన్న మా రూమ్మేట్‌కి వీడియో కాల్ చేసి ఈ చర్చ గురించి చెప్పాను. వాళ్లమ్మగారు పక్కనే ఉన్నారు. ఇండియాలో ఎవరో కూర్చుని బెలోయ్ గురించి రాసుకుంటున్నారంటే నమ్మలేదు. తర్వాత ఒకటే అడిగారు: మీ దగ్గర ఓట్లు లెక్కపెట్టేటప్పుడు దగ్గర ఎవరు కూర్చుంటారు అని. ఏజెంట్లు ఉంటారండి, ప్రతి టేబుల్ దగ్గరా ఉంటారు అన్నాను. "వాళ్లకి భోజనం పెడతారా?" అన్నారు. తెలియదన్నాను.

#28 గల్ఫ్_సుబ్బడు

పెడతారని చెప్పు బ్రో. గల్ఫ్ రాకముందు ఒకసారి సర్పంచ్ ఎన్నికల కౌంటింగ్‌లో ఏజెంటుగా కూర్చున్నాను. పులిహోర ప్యాకెట్. చల్లారిపోయింది గానీ, రాత్రి రెండింటి దాకా ఎవడూ కుర్చీలోంచి లేవలేదు.